మేట్రనమ్మ నవ్వుల క్లాసు

మా మేట్రనమ్మ పోయిందని కుప్పం నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడే నైట్ డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద కూలబడి ఉన్నాను. విన్న వెంటనే ఏడుపు రాలేదు. ఏడవడానికైనా ఒంట్లో ఓపిక ఉండాలి కదా. మొహం కడుక్కుని, మదనపల్లె బస్టాండుకు బయల్దేరాను.

కుప్పంలో సమాధి దగ్గర ఎవరో ఆమెను సేవామూర్తి అన్నారు. ఆమె వినుంటే ముఖం చిట్లించుకునేది. నర్సులందరి మీదా పెద్ద అయిన మా మేట్రనమ్మ ఒట్టి చిరాకు మనిషి. దుప్పటి మూల సరిగ్గా మడవకపోతే మొత్తం పీకి మళ్లీ పరిపించేది. టీ చల్లారితే ఆయామ్మకు పాఠం చెప్పేది. అలాంటి మనిషి మాకు నవ్వడం నేర్పిందంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

తొంభైల చివరి రోజులవి. మదనపల్లెలో మేం పనిచేసే ఆస్పత్రిలో మంచాలు ఎక్కువ, నర్సులు తక్కువ. కాన్పులు, పాముకాట్లు, పురుగులమందు తాగినవాళ్లు, టమాటా లారీల కింద పడినవాళ్లు. ఒకరికి సెలవు కావాలంటే ఇంకొకరు రెండు డ్యూటీలు చేయాలి. ఇంటికి పోయి పిల్లల మీద అరిచేవాళ్లం, మళ్లీ వచ్చి రోగుల మీద విసుక్కునేవాళ్లం. ఒక సిస్టరు ఇంజెక్షన్ ట్రే పట్టుకుని వార్డు మధ్యలో నిలబడిపోయి, ఎవరికి వేయాలో గుర్తురాక వెక్కి వెక్కి ఏడ్చింది. అది చూసి మేట్రనమ్మ ఆరోజు ఎవరినీ తిట్టలేదు.

ఆ తర్వాత ఏదో పెళ్లికి బెంగుళూరు పోయి వచ్చింది. అక్కడ పార్కులో పెద్దవాళ్లంతా గుండ్రంగా నిలబడి, చేతులు పైకెత్తి కారణం లేకుండా నవ్వుతున్నారట. దాన్ని లాఫింగ్ యోగా అంటారట, మనసు మీద బరువు తగ్గుతుందట. ఇకనుంచి నైట్ డ్యూటీ దిగినవాళ్లు ఇంటికి పోయేముందు మిద్దె మీదికి రావాలని ఆర్డరు వేసింది. నిద్ర లేక కళ్లు మండుతుంటే ఈమెకు ఇదేం పోయేకాలమని వెనక బాగానే గొణుక్కున్నాం. ఆమె ముందు నోరెత్తే ధైర్యం ఎవరికుంది?

ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడి చప్పట్లు కొడుతూ హో హో, హా హా అనాలి. తమాషా ఏమిటంటే ఆమెకే నవ్వడం రాదు. నీళ్లు లేని బోరింగు కొట్టినట్టు గొంతులోంచి ఒక చప్పుడు వచ్చేది. దానికి మాత్రం మాకు నిజంగానే నవ్వు వచ్చేది. ఉలకకుండా పలకకుండా నిలబడినవాళ్ల దగ్గరికి వచ్చి, "నవ్వు రాకపోతే నోరన్నా తెరువు పాపా, లోపలుండే గాలన్నా పోతాది" అనేది.

దాంతో అలసట పోయిందంటే అబద్ధం. నర్సులు పెరగలేదు, పని తగ్గలేదు. కాకపోతే అంతకుముందు ఎవరి దారిన వాళ్లం తల వంచుకుని పోయేవాళ్లం, ఇప్పుడు ఆటోల దాకా కలిసి మాట్లాడుకుంటూ నడిచేవాళ్లం. నాకు అదే చాలా ఎక్కువనిపించేది.

ఆ క్లాసుకు ఆమె పెట్టిన కట్టుబాటు ఒకటి ఉండేది. రాత్రి ఏ వార్డులోనైనా ప్రాణం పోయిందంటే మర్నాడు నవ్వులు లేవు. మిద్దె మీద ఊరికే కూర్చుని లేచి పోవాలి. దీన్ని అందరం పాటించాం. కానీ ఒకరోజు పిల్లల వార్డులో ఒక బిడ్డ, మేం డ్యూటీ అప్పజెప్పి మెట్లెక్కాక పోయింది. నేను చాలా రోజులుగా చూసుకుంటున్న బిడ్డే. పైకొచ్చి చెప్పేందుకు ఎవరికీ తీరిక లేదు. మేం చేతులెత్తి నవ్వుతున్నాం. కింద తల్లి ఏడుస్తోంది.

బిడ్డ తాత మెట్లెక్కి వచ్చాడు. పుంగనూరు దగ్గర పల్లెలో సేద్యం చేసుకునే మనిషి. అరవలేదు. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసి, "నవ్వండమ్మా, మీ బిడ్డ కాదు గదా" అన్నాడు.

ఎత్తిన చేతులు దించడం కూడా మాకు తెలియలేదు. ఇది వ్యాయామమనీ, మాకు తెలియదనీ మేట్రనమ్మ చెప్పుకోవచ్చు. చెప్పలేదు. చేతులు జోడించి, "తప్పయిపోయిందప్పా" అని ఆయనతోపాటే కిందికి దిగింది. బిడ్డ ముఖం తనే తుడిచింది. వాళ్ల జీపెక్కి యూనిఫారంతోనే ఆ పల్లెకు పోయి, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చింది.

ఇంక నవ్వులు వద్దని ఆస్పత్రి పెద్దలు అన్నారు. ఆ ముసలాయన మాట నా లోపల ముల్లులా ఉండిపోయింది. నిజమే, నా బిడ్డ కాదు. అయినా ఆ మంచం పక్కగా పోవాల్సి వస్తే వార్డు చుట్టూ తిరిగి పోయేదాన్ని. అన్నం సయించేది కాదు, పండుకుంటే నిద్ర వచ్చేది కాదు. ఉద్యోగం మానేసి ఊళ్లో పట్టుపురుగులు పెంచుకుంటానని మేట్రనమ్మకు చెప్పేశాను. సేవ, త్యాగం అంటూ మొదలుపెడుతుందనుకున్నాను.

"పోతే పో పాపా. అలిసిపోయి మాత్రం పోవద్దు. నిద్రపోయి, లేసి, అప్పుడు పో" అంది.

నన్ను ఇంటికి పంపి నా డ్యూటీలు తనే చేసింది. ఆ వయసులో మేట్రనమ్మ బెడ్‌ప్యాన్లు మోస్తోందని తోటి సిస్టర్లు కబురు చెప్పారు. నేను మాత్రం చచ్చినదానిలా నిద్రపోయాను. లేచాక ఒక్కటే అడగాలనిపించింది. ఆ రోజు ఆ పల్లెలో ఏం జరిగింది? వెళ్లి అడిగాను.

జీపులో ఆ పెద్దాయన, ఏల నవ్వినారమ్మా అని అడిగాడట. ఈమె ఉన్నది ఉన్నట్టు చెప్పిందట. "మేం ఏడ్సేకి లేదప్పా. ఒక మంచం కాడ ఏడిస్తే పక్క మంచం మనిషి బయపడతాడు. ఏడవలేక నవ్వుతాండాము." బిడ్డను పూడ్చి వచ్చాక, చావింట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి ఆయన పక్కింటి నుంచి మజ్జిగ తెప్పించి ఈమె చేతికిచ్చాడు. తాగిందాకా ఎదురుగా నిలబడి, "మీరూ మనుసులే గదమ్మా. నవ్వుకోండి. కింద మావోళ్లకు ఇనపడకుండా సూసుకోండి" అన్నాడట.

ఆ సంగతి చెబుతూ మేట్రనమ్మ ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూసింది అదొక్కసారే. నేనూ ఏడ్చాను. ఆస్పత్రి పెద్దల్ని ఒప్పించి, వార్డులకు దూరంగా ఉతికిన బట్టలు పెట్టే గదిలో తలుపులు మూసి మళ్లీ క్లాసు మొదలుపెట్టింది. నవ్వే ఓపిక లేనినాడు బట్టల మూటల మీద ఊరికే వాలేవాళ్లం. ఆమె ఏమీ అనేది కాదు. నేను ఉద్యోగం మానలేదు.

రిటైరయ్యాక ఆమె కుప్పంలో చెల్లెలి దగ్గరికి చేరింది. జబ్బు ముదిరి అక్కడి ఆస్పత్రిలో ఉందని తెలిసి, పోయిన నెల చూసి వచ్చాను. మాట సరిగ్గా రావడం లేదు. సెలైన్ మార్చడానికి చిన్న వయసు నర్సు ఒకమ్మాయి వచ్చింది. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి, ఖాళీ సీసా తీసి మళ్లీ దాన్నే తగిలించబోయింది. మేట్రనమ్మ ఆ పిల్ల ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత దుప్పటి కింద వాచిన కాళ్లను, పళ్లు బిగబట్టి, మెల్లగా గోడవైపు జరుపుకుంది. ఖాళీ అయిన చోట చేత్తో తట్టింది. ఆ పిల్లకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తలుపు వైపు ఒకసారి చూసి, మంచం అంచున కూర్చుని కళ్లు మూసుకుంది.