ఎర్ర గీత దాటని పడవ

కొల్లూరు దగ్గర కృష్ణ ఒడ్డు నుంచి లంక పొలాలకు కూలీలను దాటించడం చెంచురామయ్యకు తండ్రి నుంచి వచ్చిన పని. ఎక్కేవాళ్ళను వద్దనడం మాత్రం ఆ తండ్రి నేర్పలేదు. "సర్దుకోండమ్మా" అన్నది ఆ రేవులో అందరూ అనే మాటే. కొన్నేళ్ళ కిందట, ఏరు పోటుమీదున్న రోజున, నిండిన పడవలో మరికొందరిని అతను అలాగే సర్దించాడు. నడి ఏట్లో పడవ ఒరిగింది. ముగ్గురు స్త్రీలు మునిగిపోయారు. వారిలో ఒకరు లంకలో పొలమున్న నాగేశ్వరమ్మ కూతురు కావేరి.

రేపల్లె కోర్టు అతనిది నిర్లక్ష్యమని నిర్ధారించి రెండేళ్ళ జైలు విధించింది. నాగేశ్వరమ్మ కోర్టు వరండాలోనే ప్రభుత్వ న్యాయవాదిని నిలదీసింది.

"ముగ్గురు పోతే ఒక్క శిక్షేంటండి? నా పిల్ల ఏ లెక్కలోకొచ్చింది?"

"చేసిన పని ఒకటేనమ్మా. ఒక్క పనికి మూడుసార్లు శిక్ష వెయ్యరు."

ఆ జవాబు ఆమెను ఊరడించలేదు. జైలు నుంచి వచ్చిన చెంచురామయ్యను కూడా ఊరడించలేదు. ఆ రెండేళ్ళూ ముగ్గురిలో ఎవరి పేరున గడిచాయో తనకు తెలియలేదని భార్యతో అన్నాడు. కొంతకాలం తెనాలి మార్కెట్లో మూటలు మోశాడు. పడవ నడిపే మనిషి దొరక్క లంక రైతులు మళ్ళీ పిలిచారు. వచ్చి, మొదట పడవ పక్క చెక్కమీద ఎర్ర రంగుతో గీత గీశాడు. నీరు ఆ గీతను తాకితే ఇక ఎవరూ ఎక్కకూడదు.

"బాబాయ్ పడవకి బొట్టు పెట్టాడర్రా! పెళ్ళెప్పుడంట?" అని కూలీలు నవ్వారు. నవ్వుతూనే ఎక్కారు. నాగేశ్వరమ్మ మాత్రం మరో రేవు నుంచి చుట్టుతిరిగి తన పొలానికి వెళ్ళేది.

మొన్న మాఘంలో ఒక ఉదయం ఆమె గంపతో ఈ రేవుకే వచ్చింది. అప్పటికే నీరు గీతను తాకుతోంది.

"నాకు చోటుందా?"

"రా అత్తా, సర్దుకుందాం" అంటూ కూలీల మేస్త్రి బిందుమాధవి పక్కకు జరిగింది.

చెంచురామయ్య గెడ అడ్డం పెట్టాడు. "వద్దు పిన్నీ. నిండిపోయింది. మళ్ళీ వస్తా."

"ఆవిణ్ణే వద్దంటావా? ఏం మొహం పెట్టుకుని?" బిందుమాధవి మండిపడింది.

అతను తల దించుకున్నాడు కానీ మాట మార్చలేదు.

నాగేశ్వరమ్మ గంపను ఇసుకలో దించింది. "అరవమాకే బిందూ. ఈ ఒక్క మాట ఆనాడు అనుంటే ముగ్గురూ ఉండేవాళ్ళు." అతని వైపు తిరిగింది. "పో. వాళ్ళని దించి రా. ఇక్కడే కూచుంటా."

ఖాళీ పడవ తిరిగి వచ్చేదాకా ఆమె అక్కడి నుంచి లేవలేదు. ఎక్కి కూర్చుని, పక్కకు వంగి, నీటికి పైన ఆరుతున్న గీతను చేత్తో తడిమింది.

"ఊఁ, తొయ్యి" అంది.