బొల్లి మేక ఒప్పుకున్న పుల్ల

ముందే ఒప్పేసుకుంటాను, తప్పు నాది. చెంచమ్మ తెచ్చిన కాగితంలో ఏం రాసుందో నాకు తెలియదు. ఆ రోజూ తెలియదు, ఈ రోజూ తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ సమయానికి మా నాయన దుకాణంలో ఆరుగురు బేరగాళ్లున్నారు. నాకు ఇంగ్లీషు వచ్చని ఆ ఆరుగురికీ చాటినవాణ్ణి నేనే. నా ఇంగ్లీషు పాలడబ్బాల మీదా, టీ పొట్లాల మీదా, స్టేషను గోడల మీదా చూసి నేర్చుకున్నది. కాగితం మీద చేతిరాత చూస్తే చీమలు పెళ్లికి బయల్దేరినట్టుంది. ఒకచోట ‘మిల్క్’ అని కనపడింది. ఇంకోచోట ‘సాఫ్ట్’ అని ఉన్నట్టు తోచింది. మిగతాదంతా నేనే అల్లేశాను.

ఆ అల్లికకు ఒక ప్రాణి చావు గడప దాకా వెళ్లింది. దాన్ని చెయ్యి పట్టి వెనక్కి తెచ్చిన మనిషి చెంచమ్మ. కథ ఆమెది కాబట్టి నేను కాసేపు పక్కకు తప్పుకుంటాను.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు లేచిపోయిన మరుసటి ఏడు. గిద్దలూరు స్టేషను వెనక గొల్లల వీధిలో చెంచమ్మ ఇల్లు. ఎండలు ముదరగానే ఆమె మొగుడు పెద్దయ్య గొర్రెలు తోలుకుని నల్లమల మేతకు పోయేవాడు, మళ్లీ వానలకే ముఖం చూపించేవాడు. ఆ నాలుగు నెలలూ ఇంటి దగ్గర ఆమె, పదకొండు మేకలు. మేకల్లో పెద్దది బొల్లి. ముఖం మీద తెల్లమచ్చ, నడకలో సర్పంచి దర్జా.

చెంచమ్మ రోజూ పొద్దున్నే రైల్వే క్వార్టర్లకు మేకపాలు పోసేది. పట్టాల ఇన్‌స్పెక్టరు దొరగారి ఇంట్లో డాలీ అని ఒక చిన్న పాప ఉండేది. ఆ పాపకు ఆవుపాలు పడేవి కావు. బొల్లి పాలే పోసి ఆరేళ్లదాన్ని చేసింది చెంచమ్మ. ఆ దొర ఇంగ్లీషు సీమలో పుట్టిన దొరేం కాదు, ఆయన తాత కూడా ఈ దేశంలోనే పుట్టాడు. అయినా టోపీ పెట్టుకుని టేబులు మీద తింటాడు కాబట్టి గిద్దలూరు లెక్కలో దొరే.

ఆ వేసవిలో వాళ్లు ఓడెక్కి సీమకు వెళ్లిపోతున్నామన్నారు. సామానంతా అమ్మేశారు. అమ్మలేక మిగిలింది ఒక్కటే, డాలీ పాప పెంచుకుంటున్న తోకలేని ఎలుక. మద్రాసులో ఓడ దిగిన ఎవరో ఇచ్చారట దాన్ని. హ్యామ్‌స్టర్ అంటారని మాకు చాలా ఏళ్లకు తెలిసింది. గుప్పెట్లో పట్టేంత ఒళ్లు, కాల్చిన రొట్టె రంగు బొచ్చు, మిరియాల్లాంటి కళ్లు. గింజలు పెడితే తినదు, రెండు బుగ్గల్లో కుక్కుకుని ఊళ్లో కరువొచ్చిందని తెలిసినదానిలా మూలకు పరుగెత్తుతుంది. పాప దానికి బిస్కెట్ అని పేరు పెట్టింది. చెంచమ్మ నోట్లో అది బిస్కోతు అయింది.

రైలు కదిలేముందు పాప తీగల బోను కిటికీలోంచి అందించి, వచ్చీరాని తెలుగులో చావనివ్వొద్దని ఏడ్చింది.

“నా చేతిలో మేకపిల్ల గూడా చావలేదు పాపా. దీన్ని చావనిస్తానా,” అంది చెంచమ్మ.

ఆ మాట ఆమె అలవాటుగా అన్నది కాదు. నిజంగానే ఆ వీధిలో పురిట్లో కష్టపడ్డ మేకకైనా, పొట్ట ఉబ్బిన గొర్రెకైనా చెంచమ్మ చెయ్యి పడితే చాలనేవారు. దొరసాని చివర్లో మడతపెట్టిన కాగితం ఒకటి చేతిలో పెట్టింది, దీన్ని ఎట్ల సాకాలో ఇందులో రాశానని. ఆ కాగితమే దుకాణానికి వచ్చింది. పాలలో నానబెట్టిన రొట్టె, మెత్తగా మెదిపిన అన్నం, రాగిజావ మాత్రమే పెట్టాలని, గట్టి గింజ తగలనివ్వొద్దని, పుల్లా పుడకా దగ్గరికి రానిస్తే దీని లేత చిగుళ్లు చీరుకుపోతాయని చదివి వినిపించారు. చదివిందెవరో చెప్పాను కదా.

ఇంటికి వెళ్లి చెంచమ్మ బోనులో చెయ్యి పెట్టింది. లోపల ఒక చెక్కముక్క ఉంది. అంచులన్నీ కొరికి కొరికి సగానికి అరిగిపోయి ఉంది. ఎలుక జాతి కొరక్కుండా ఎట్ల ఉంటుందని ఆమెకు ఒక్క నిమిషం అనుమానం వచ్చింది. కానీ ఇది దొరల జంతువు, దొరసాని చేతిరాత. మేకల సంగతైతే ఆమెకు కాగితం అక్కర్లేదు. దీని సంగతి కాగితానికే తెలియాలి. చెక్క తీసి పొయ్యిలో పెట్టింది. కాగితాన్ని భద్రంగా బోను కింద దోపింది. రెండో రోజుకల్లా బిస్కోతు దాన్ని తీగల్లోంచి లోపలికి లాక్కుని, సన్నగా చీల్చి, గుండ్రంగా పరుచుకుని అందులో పడుకుంది. గిద్దలూరులో ఇంగ్లీషు పరుపు మీద నిద్రపోయింది అదొక్కటే.

పగలంతా నిద్ర. దీపాలు పెట్టే వేళకు లేచేది. పాలు పిండడం అయ్యాక చెంచమ్మ అరుగు మీద బోను ముందు కూర్చునేది. బోనులో ఒక చిన్న చక్రం ఉండేది. బిస్కోతు అందులో దూరి పరుగెత్తితే చక్రం కిరకిరమని తిరిగేది. ఆ చప్పుడు వింటూ ఉంటే ఆమెకు కళ్లు మూతలు పడకుండానే కల వచ్చేది. తాను ఎప్పుడూ చూడని సముద్రం. సగిలేరు వరదప్పుడు ఎంత ఉంటుందో అంతకు అంత, దానికి మళ్లీ అంత. ఆ నీళ్ల మీద ఒక ఇల్లు నడుస్తూ పోతోంది. ఇంటి మెట్ల మీద డాలీ పాప కూర్చుని లోటాతో పాలు తాగుతోంది, మూతి చుట్టూ తెల్లటి మీసం. అటు అడవిలో పెద్దయ్య గొర్రెల మధ్య పడుకుని అదే సముద్రాన్ని చూస్తున్నాడు. చక్రం తిరిగినంతసేపూ ఓడ నడిచేది. బిస్కోతు దిగి అన్నం దగ్గరికి పోతే ఓడ కాసేపు ఆగేది.

మూడు వారాలకు చక్రం ఆగిపోయింది.

మొదట ఆమె ఎండకనుకుంది. తర్వాత చూస్తే అన్నం నోట్లోకి పోవడం లేదు. పట్టుకుంటుంది, మూతి దగ్గర పెట్టుకుంటుంది, జారిపోతుంది. గడ్డం కింద బొచ్చంతా తడిసి అంటుకుపోయింది. జావ ఇంకా పలచన చేసింది, రొట్టె ఇంకా నానబెట్టింది. ఎంత మెత్తన చేస్తే అది అంత చిక్కిపోయింది. బిస్కోతు యముడి ఓడ ఎక్కేటట్టుందని ఆమెకు అర్థమైంది.

తవుడు కొనే వంకతో దుకాణానికి వచ్చి, ఆ కాయితంలో తిండి మానేస్తే ఏం చెయ్యాలో రాసినట్టు గుర్తుందా అని అడిగింది. అక్కడున్న ఇంగ్లీషు పండితుడు తక్కెడ వైపు చూస్తూ గుర్తు లేదన్నాడు. ఆమె తవుడు మరిచిపోయి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం బిస్కోతును కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. మేకల సంతలో ఏ మేకకైనా పెదవి తోసి చూసి వయసు చెప్పే మనిషి ఆమె. ఇన్నాళ్లూ ఈ ఒక్క నోట్లోకే తొంగి చూడలేదు. ఇప్పుడు చిటికెన వేలితో ఆ పెదవి తోసింది. కింది పండ్లు రెండూ కొడవళ్లలాగా పెరిగి పై పెదవికి గుచ్చుకుంటున్నాయి. నోరు మూతపడటం లేదు. దానికి ఆకలి లేక కాదు, నోరు దారి ఇవ్వక.

బిస్కోతు ఒంటి వెచ్చదనం ఒళ్లోకి పాకుతుంటే చెంచమ్మకు కునుకు పట్టింది. ఆ కునుకులో కొమరోలులో పుట్టింటి పాత మిద్దె. పైన దూలంలో ఎలుకలు. కరకర, కరకర. ఎన్నేళ్లు కొరికినా దూలం తగ్గింది లేదు, ఎలుకకు కడుపు నిండింది లేదు. మరి ఎందుకమ్మా కొరుకుతాయని తాను అడిగితే, వాళ్లమ్మ నిద్రలోనే చెప్పింది: తినేదానికి కాదే, పండ్లు నూరుకునేదానికి. నూరకపోతే వాటి పండ్లే వాటిని చంపుతాయి.

చెంచమ్మ లేచి కూర్చుంది. పొయ్యిలో పెట్టిన చెక్కముక్క గుర్తొచ్చింది. అప్పుడు తిట్టుకుంది. కాగితాన్ని కాదు, కాగితాన్ని నమ్మిన తనను.

పుల్ల పెట్టాలి సరే, ఏ చెట్టు పుల్ల? మేక తినని ఆకు లేదని ఊళ్లో అంటారు. మేకలు కాసినవాళ్లు ఆ మాట అనరు. ఏ చెట్టుకు మేక ఎంత దూరం తొలగిపోతుందో వాళ్లకు తెలుసు. చెంచమ్మ కొడవలి తీసుకుని బొల్లిని ముందు తోలింది, వెనకాలే నడిచింది. పొద్దు నల్లమల వైపు వాలుతోంది. సగిలేటి ఇసుక మీద వేడి ఆవిరి ఆడుతోంది, దూరంగా కొండలు నీలంగా తేలుతున్నాయి. ఇరవై ఏళ్లుగా మేకల వెనక నడిచిన దారే. కానీ ఆ రోజు ఆమె మేక నోటిని చూస్తూ నడిచింది.

ఖాళీ అయిన దొరగారి క్వార్టరు కంచెకు గన్నేరు పూసి ఉంది. బొల్లి ముఖం తిప్పుకుని పోయింది. తంగేడు పచ్చగా ఊగింది, దాన్నీ పట్టించుకోలేదు. ఉమ్మెత్త దగ్గర తుమ్మింది. తుమ్మ దగ్గర ఆగి రెండు కాయలు నమిలింది. రేగు పొద దగ్గరికి వచ్చాక మాత్రం ముంగాళ్లు పైకెత్తి, ఆకులన్నీ దూసి, అవి అయిపోయాక కొమ్మను పట్టుకుని బెరడు కూడా గీకింది. ఆకు మేయడం వేరు, బెరడు గీకడం వేరు. అది చూసి చెంచమ్మ ఆ కొమ్మనే కోసింది. దారిలో ఒకరి పెరట్లో జామకొమ్మ అడిగి తీసుకుని, దాన్ని కూడా బొల్లికి చూపించింది. బొల్లి దాన్నీ గీకింది.

వీధిలో మస్తానయ్య ఎదురయ్యాడు. మార్కాపురంలో పలకల పని చేసి నెలకొకసారి ఇంటికొచ్చే మనిషి, వరసకు మరిది. సంగతి విని, ఎలుకకు చెక్క కావాలంటే తన దగ్గర పలక చట్రం ముక్కలు బోలెడున్నాయని, నున్నగా ఉంటాయని ఒకటి తెచ్చి ఇచ్చాడు. చెంచమ్మ దాన్ని బొల్లి మూతి ముందు పెట్టింది. బొల్లి వాసన చూసి వెనక్కి జరిగింది. ఆమె ముక్క తిరిగిచ్చేసింది.

“మేకేమన్నా డాక్టరా వదినా?” అన్నాడు మస్తానయ్య.

“డాక్టరు గాదులే. తెలియందాన్ని తెలుసని మాత్రం అనదు,” అంది.

ముళ్లు చెక్కి, కడిగి, వేలెడంత ముక్కలు చేసి బోనులో పెట్టింది. ఆ సాయంత్రం బిస్కోతు వాటిని చూడనైనా లేదు. చెంచమ్మే దూది వత్తి పాలలో ముంచి దాని నోటి మూలన బొట్టు బొట్టుగా పోసింది. రెండో సాయంత్రం అది రేగుపుల్లను మూతితో తోసి వాసన చూసింది, అంతే. మూడో రోజు పొద్దుగూకింది. ఆఖరి రైలు పొగ స్టేషను మీద ఇంకా విడిపోలేదు. చెంచమ్మ అరుగు మీద కూర్చుని కళ్లు మూసుకుంది. సముద్రం రావడం లేదు. నల్లటి నీళ్లు, అంతే, కదలడం లేదు.

కిర్.

కళ్లు తెరవలేదు. తెరిస్తే ఆగిపోతుందని భయం.

కిర్. కిర్. కాసేపు ఏమీ లేదు. తర్వాత దూరంగా వాన మొదలైనట్టు, సన్నగా, ఆగకుండా, కరకరకర. పుల్ల రెండు చేతుల్లో పట్టుకుని, చెవులు వెనక్కి పెట్టి, బిస్కోతు పని చేస్తోంది. ఆ చప్పుడు మీద ఓడ ముందుకు జరిగింది. ఎక్కడో ఒడ్డు కనపడింది. డాలీ పాప మెట్లు దిగి, ఇసుక మీద నిలబడి, ఇటువైపు చెయ్యి ఊపింది.

పది రోజులకు పండ్లు దారికొచ్చాయి. పదిహేనో రోజుకు ఉలవలు బుగ్గల్లో కుక్కుకుని మళ్లీ పిసినారి వేషం వేసింది. వానలతో పాటు పెద్దయ్య దిగి, ఎలుకకు రేగుపుల్లలు చెక్కుతున్న పెళ్లాన్ని చూసి పక్కన కూర్చుని తానూ చెక్కాడు.

నేను మళ్లీ రావలసింది ఇక్కడే. బిస్కోతు బతికిన సంగతి దుకాణం దాకా వచ్చాక, నాలుగు రోజులు ఆ వీధి చివరి దాకా వెళ్లి ధైర్యం చాలక తిరిగొచ్చాను. ఐదో రోజు వెళ్లాను. ఆమె బొల్లి పక్కన గొంతుక్కూర్చుని పాలు పిండుతోంది. ఆ రోజు నాకు కాగితంలో ఒక్క ముక్క అర్థం కాలేదని, అంతా నేనే పుట్టించి చదివానని చెప్పేశాను. తిడితే తిట్టు అత్తా, పడతానన్నాను. పాలధార ఆగలేదు. ఆమె తల కూడా ఎత్తలేదు. ముంత నిండాక కొంగుతో చెయ్యి తుడుచుకుని అంది:

“దానికి పండ్లు పెరిగితే రేగుపుల్ల పెట్టినాను అల్లుడా. నీకు పెరిగింది నాలిక. దానికేం పుల్ల పెట్టాల్నో మా బొల్లికి గూడా తెల్దు.”