హజరత్తయ్య ఇంట్లో అడగని ప్రశ్న

గూడూరులో నలభై ఐదు దాటిన ఆడమనిషి ఎవరు ఎదురైనా హజరత్తయ్య అడిగే ప్రశ్న ఒక్కటే. "అమ్మా, నెలసరి ఆగిపోయిందా?" పెళ్ళిపందిట్లో అడిగాడు. రైల్వే గేటు దగ్గర అడిగాడు. మార్కెట్లో నిమ్మకాయలు ఏరుతున్న పోలేరమ్మను అడిగితే, ఆమె బుట్ట ఎత్తి ఆయన నెత్తిన బోర్లించింది. కింద పడ్డ కాయలు ఏరి ఇస్తూ కూడా, "బుట్ట ఎత్తితే ఆయాసం రాలేదు గదా?" అన్నాడు.

ఆయన డాక్టరు కాదు. నెల్లూరులో ఒక పరిశోధనశాలలో ముప్పై ఏళ్లు అటెండరు. అక్కడ గాజుపళ్లేలలో రక్తనాళాల లోపలి పొర కణాలను పెంచేవాళ్లు. వాటి మీద సూదితో ఒక గీత గీసి, ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను చుక్కలు వేస్తే, కణాలు పెరిగి ఆ గీతను గబగబా పూడ్చేసేవి. చుక్కలు వేయని పళ్లెంలో పని నత్తనడక. సార్లు టీకి వెళ్లినప్పుడు హజరత్తయ్య మైక్రోస్కోపులో కన్నుపెట్టి చూసేవాడు. రిటైరై ఊరికి తెచ్చుకున్న ఆస్తి ఆ గీత ఒక్కటే.

"నెలసరి ఆగితే ఆ చుక్కలు ఆగిపోయినట్టేనమ్మా! లోపల గోడ దెబ్బతింటే పూడ్చే మేస్త్రీ ఉండడు. గుండె జాగర్త!"

"మరి మా మగోళ్లకో?" అన్నాడు టీకొట్టు రఫీ.

"మీకు ఆ మేస్త్రీ మొదట్నుంచే అరకొర. ముందు బీడీ ఆర్పు!"

ఊరికి ఇదంతా నవ్వులాట. భార్య ఆదిశేషమ్మకు మాత్రం తల కొట్టేసినట్టుండేది. "మీ ఆయన నిన్న మా అత్తనడిగినాడక్కా" అని ఎదురింటి సాహిరా చెప్పినప్పుడల్లా చచ్చినంత పనయ్యేది. అంతకన్నా చేదైన సంగతి ఇంకొకటుంది. అది ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఊరందరినీ అడిగే మొగుడు తనను ఒక్కనాడూ అడగలేదు. తనకు యాభై నాలుగు నిండాయి. పరాయి ఆడవాళ్ల గుండె మీదున్న బెంగ కట్టుకున్నదాని మీద లేదా? గిన్నెలు ఎత్తి కుదేసేది.

"వంటింట్లో పిల్లి దూరిందా?" అనేవాడాయన.

ఒక ఉదయం ఆమెకు దవడ లాగింది. వీపులో నొప్పి, ఒళ్లంతా చెమట. సాహిరా గ్యాస్ అంది. ఆస్పత్రిలో కుర్ర డాక్టరూ గ్యాసే అని మాత్ర రాసిచ్చి లేచాడు. హజరత్తయ్య గుమ్మానికి అడ్డంగా పడుకున్నాడు.

"ఇసిజి తీయకుండా పోవాలంటే నన్ను తొక్కుకుంటా పోవాల సార్!"

తీశారు. కాగితం చూసిన డాక్టరు మొహం పాలిపోయింది. వెంటనే నెల్లూరు పంపారు, అక్కడ స్టెంటు వేశారు. మూడో రోజున పెద్ద డాక్టరు వచ్చి, "నెలసరి ఆగి ఎన్నాళ్లయిందమ్మా?" అని అడిగాడు. ఆమె సిగ్గుపడి నోరు తెరిచేలోపే, "అయిదేళ్ల నాలుగు నెలలు సార్" అన్నాడు హజరత్తయ్య.

డాక్టరు వెళ్లిందాకా ఆదిశేషమ్మ ఆగింది. "నీకెట్టా తెలుసు?"

"నువ్వు వంటింటి బయట కూర్చునే మూడు రోజులూ పొయ్యి నాదే గదా. ఆఖరిసారి చారు కాచిన దినం మర్చిపోతానా?"

"మరి నన్నెందుకు అడగలా?"

హజరత్తయ్య తల దించుకున్నాడు. "ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట మనిద్దరి మధ్య ఎప్పుడన్నా వచ్చిందా? నీ ముందర నోరు పెగల్లా. ఊర్లో ఆడోళ్లందరికీ చెప్తే ఎవురో ఒకరు నీ చెవినేస్తారనుకున్నా. వాళ్లు నా పిచ్చిని మోసుకొచ్చినారే గానీ, నేను చెప్పింది ఒక్కరూ మోసుకురాలా."

ఆదిశేషమ్మ కళ్లు తుడుచుకుంది. కోపం మాత్రం పోలేదు. పోవాల్సిన పనీ లేదు.

"అయిదేళ్ల నాలుగు నెలలని అంత బాగా గుర్తు పెట్టుకున్నావే, అన్నాళ్లలో ఒక్క పూటన్నా పొయ్యి కాడికొచ్చినావా?"

ఊరినంతా ప్రశ్నలడిగిన మనిషి లేచి, చొక్కా చేతులు పైకి మడిచి, ఇంటికి బయల్దేరి, తలుపు దగ్గర ఆగాడు.

"చారులోకి చింతపండు ఎంతెయ్యాలో మర్చిపోయినా, శేషమ్మా."

"వార్డు నర్సమ్మనడుగు" అని ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. నవ్వుతున్నట్టు ఆయనకు తెలియకూడదు గదా.