వెర్షన్ బాబాయ్ ఎడమకన్ను

మా కంటి ఆసుపత్రిలో కంప్యూటర్ గది చూసుకునే పెద్దాయన్ని అందరూ వెర్షన్ బాబాయ్ అంటారు. ఆ పేరు పెట్టిన పుణ్యాత్మురాలిని నేనే. ఏది చెడినా ఆయన మొదట అడిగేది ఒకటే: "వెర్షనెంతమ్మా?" లిఫ్ట్ ఆగిపోతే లిఫ్ట్ మనిషిని కూడా అదే అడిగాడని ఒక కబురు పుట్టించాను. ఆసుపత్రంతా నమ్మింది. నాది ముందువైపు కౌంటరు. పదమూడేళ్ళుగా ఆయన గదికీ నా కుర్చీకీ మధ్య ఒక్క అద్దం తలుపే అడ్డం.

రోగుల వివరాలన్నీ దాచిపెట్టేది సర్వర్. మేం వాడే తెరలూ లిస్టులూ తయారుచేసే సాఫ్ట్‌వేర్ వేరు, దాన్ని ఆయన టూల్ అంటాడు. సర్వర్ వెర్షన్ మారిస్తే టూల్ దాంతో మాట్లాడదు. టూల్ మారిస్తే పాత లిస్టులు తెరుచుకోవు. అత్తాకోడళ్ళ మధ్య నలిగే మగాడిలా ఈయన అటూ ఇటూ సర్దిచెబుతూ బతుకుతాడు. అందుకోసమే బల్ల కింద మూడు పాత కంప్యూటర్లు పెట్టుకున్నాడు, ఒక్కోదాంట్లో ఒక్కో కాలపు టూల్. మూడింటి మీదా కాగితం అతికించి ఉంటుంది: "అప్‌డేట్ నొక్కినవాళ్ళే బాగుచేసుకోవాలి."

పని నడిచినన్నాళ్ళూ ఆయనొకడున్నాడని ఎవరికీ గుర్తుండదు. ఆగిందా, సూపరింటెండెంటు మొదలుకుని ఊడ్చే ఆవిడ దాకా అందరూ నెత్తినెక్కేవాళ్ళే. నేనూ ఎక్కాను, అబద్ధం ఎందుకు.

ఆయన ఎడమకంట్లో ఒత్తిడి పెరిగింది. లోపలి నరం దెబ్బతింటోందని, ఆపరేషన్ చేయకపోతే చూపు పోతుందని, పోయింది ఇక రాదని డాక్టరమ్మ చెప్పింది. ఆ ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు రెండు నెలలకొక శుక్రవారం బయటినుంచి వస్తాడు. పన్నెండు మందికే చేస్తాడు. రెండుసార్లు బాబాయ్ వంతు వచ్చింది. రెండుసార్లూ ఏదో వెర్షన్ గొడవ తగులుకుంటే ఆయనే వాయిదా వేసుకున్నాడు. "ఈసారి తప్పితే ఆ కంటి మీద నాకు ఆశ లేదు" అని డాక్టరమ్మ మొహాన్నే చెప్పేసింది. బాబాయ్ భార్యని నేను పిన్ని అంటాను. ఆవిడ కౌంటరు దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఆయన్ని నమ్మను తల్లీ. నువ్వే పేరెక్కించు."

సోమవారం పొద్దున్నే ఎక్కించాను. ఏడో నంబరు. మా దగ్గర ఆపరేషన్‌కి రాయించుకునే ప్రతివాళ్ళూ డాక్టరు సంతకం ఉన్న పసుపు చీటీ ఇస్తారు. అది చూసి పేరు కొట్టి, చీటీ కట్టలో పెడతాం. మా స్టాఫ్‌కి మాత్రం చీటీ అడగం, నోటిమాట మీద ఎక్కించేస్తాం. మనవాళ్ళని కాగితం అడిగితే ఏం బాగుంటుందని మా గొప్ప. బాబాయ్‌నీ అడగలేదు.

ఆ ముందురోజే, ఆదివారం, కాంట్రాక్టు కంపెనీ ఇంజనీరు కొత్త సర్వర్ పెట్టి వెళ్ళాడు. "ఒక్క వారం మన టూల్‌తో పరీక్షించి చూద్దాం సార్" అని బాబాయ్ నెత్తీనోరూ కొట్టుకున్నాడు. ఎవరు వింటారు? మూడు రోజులు పేర్లెక్కించే తెర చక్కగా నడిచింది. గురువారం పొద్దున, మర్నాటి ఆపరేషన్ లిస్టు తీయబోతే రాలేదు. తెర కొత్త టూల్‌తో కట్టింది, లిస్టు పాతదాంతో కట్టింది.

బాబాయ్ ముందు కొత్త సర్వర్‌ని పాతదానిలా నడవమని సెట్టింగ్ మార్చాడు. అయినా టూల్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కొత్త సర్వర్ అడిగే తాళం రకం దానికి తెలియదట. తర్వాత కొత్త టూల్‌తో తెరిచాడు. అది లిస్టుని తన పద్ధతిలోకి మార్చేసుకుంది, తేదీలన్నీ తారుమారయ్యాయి. "కాపీ మీద చేశాను కాబట్టి బతికిపోయాం" అని దాన్ని పక్కన పడేసి, మళ్ళీ మొదటికొచ్చాడు. ఎడమకన్ను అరచేత్తో మూసుకుని తెర చదువుతున్నాడు. చూడలేక మొహం తిప్పుకున్నాను.

లిస్టు నాలుగింటికల్లా ఆపరేషన్ థియేటరుకి చేరాలి. ఒంటిగంటకు సూపరింటెండెంటు బాబాయ్‌ని పైకి పిలిపించాడు, తిట్టడానికే. ఈ సందులో ఇంజనీరు, "బ్యాకప్ తీశాను, పాతదానికే వెళ్ళిపోదాం" అంటూ కొత్త సర్వర్‌ని తీసిపారేసి పాతది ఎక్కించాడు. ఆదివారం నాటి వివరాలతో పాతది లేచింది. ఈ మూడు రోజుల పేర్లున్న బ్యాకప్ మాత్రం దాంట్లోకి ఎక్కలేదు.

బాబాయ్ వచ్చి తెర చూసి కూలబడ్డాడు. "కొత్తదాంట్లో తీసిన బ్యాకప్‌ని పాతది తీసుకోదు సార్. పాతది కొత్తదాంట్లోకి వెళ్తుంది గానీ, కొత్తది వెనక్కి రాదు. నన్నొక్క మాట అడిగుంటే, ముందే ఆ పేర్లు బయటికి తీసిపెట్టేవాణ్ణి."

"అడుగుదామంటే మీరు లేరు కదండీ" అన్నాడు ఇంజనీరు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పది నిమిషాలు ఆగితే మీ సొమ్మేం పోయింది?" అని అరిచేశాను.

బాబాయ్ అరవలేదు. "కొత్తది ఇంకో మిషన్‌లో పెట్టి ఇది తెరవాలంటే రేపటికి గానీ అవదు. చీటీలు తియ్యమ్మా" అన్నాడు.

మూడు రోజుల చీటీలు, మామూలుగా చూపించుకునేవాళ్ళవీ కలిపి నూటయాభై పైచిలుకు. నేను చదువుతుంటే ఆయన కొట్టాడు. నా గొంతు పోయింది, ఆయన వేళ్ళు మొద్దుబారాయి. ఆపరేషన్ చీటీల్లో చివరిది ఒక బస్సు డ్రైవరుది. బుధవారం లిస్టు నిండిపోయిందని అతన్ని వెయిటింగ్‌లో పెట్టినట్టు గుర్తే. ఇప్పుడు చదివితే తెర అతన్ని లిస్టులోకే తీసేసుకుంది. ఎందుకు తీసుకుందని ఆలోచించే స్థితిలో నేను లేను. నాలుగుకి పది నిమిషాలుందనగా లిస్టు బయటికొచ్చింది. పన్నెండు పేర్లు. థియేటరు నర్సు పట్టుకుపోయింది. నేను దాన్ని ఒక్కసారి, ఒక్కసారైనా చదవలేదు.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి చూద్దును కదా, బాబాయ్ తన కుర్చీలోనే ఉన్నాడు.

"అదేంటి బాబాయ్, ఇంకా పైకి వెళ్ళలేదా?"

"లిస్టులో లేనమ్మా."

చీటీ లేని పేరు ఒక్కటే. అది నేను ఎక్కించిన పేరు. మెట్లు ఎలా ఎక్కానో తెలీదు. డాక్టరమ్మ కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆవిడ వెళ్ళి అడిగొచ్చింది. పన్నెండంటే పన్నెండే, సాయంత్రం పెద్ద డాక్టరు ఊరెళ్ళిపోవాలి. ఏడుస్తూ కిందికొచ్చాను.

"నీ పేరు లేదని నిన్ననే చూశావా బాబాయ్?"

"నువ్వు చివరి చీటీ చదివినప్పుడే. పన్నెండు నిండాయి, నాది రాలేదు."

"మరి చెప్పొద్దూ! ఆ డ్రైవరు వెయిటింగ్ మనిషి. తీసేసేదాన్ని కదా!"

"అతనికి చీటీ ఉంది. నాకు లేదు. నా కోసం నేనే లిస్టులో చెయ్యి పెడితే, రేపు దీన్నెవరు నమ్ముతారు?" కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అదేం కాదులే. నిజం చెప్పనా? ఓపిక లేకపోయిందమ్మా. ఒక పేరు తీసి, ఇంకో పేరు కొట్టి, మళ్ళీ లిస్టు తియ్యాలి. అది మళ్ళీ వస్తుందో రాదో. వచ్చింది కదా, పోనీలే అనుకున్నాను."

బల్ల మీది కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి ఆయనకిచ్చాను.

మరుసటి వారం ఇంకో మిషన్‌లో కొత్త సర్వర్ పెట్టి ఆ బ్యాకప్ తెరిచారు. అన్నీ భద్రంగా ఉన్నాయి. శుక్రవారం పేర్లలో ఏడో నంబరు బాబాయ్‌ది. రెండు నెలల తర్వాత ఆయనకి ఆపరేషన్ చేశారు గానీ, అప్పటికే ఎడమకంట చూపు పోయింది.

పిన్ని నాతో మాట్లాడటం మానేసింది. నేను పేరే ఎక్కించలేదని ఆవిడ నమ్మకం. ఒకరోజు ఉండబట్టలేక, బ్యాకప్‌లోని ఆ పేజీ ప్రింటు తీసి వాళ్ళింటికి పట్టుకెళ్ళాను. ఇదుగో పిన్నీ, ఏడో నంబరు, సోమవారం పొద్దున తొమ్మిదీ పన్నెండుకి ఎక్కించాను, చూడు అన్నాను. ఆవిడ కాగితం మొత్తం పైనుంచి కిందికి చదివి నా చేతిలో పెట్టేసింది.

"ఎక్కించావు. సరే. దీన్నిప్పుడు నేనేం చేసుకోను?" అంది.

లోపల బాబాయ్ ఎవరికో ఫోన్లో చెబుతున్నాడు, అప్‌డేట్ అడిగితే వద్దని నొక్కమని.