పన్నెండో వంతు పాలబండి

ముందుగాల ఒట్టు పెట్టుకుంటున్న. మా ఇంటి దేవర మీద ఒట్టు, నాకు బువ్వ పెడుతున్న స్టిక్కర్ కత్తి మీద ఒట్టు, ఇప్పుడు రాయబోయే దాంట్ల ప్రతి మాట నిజం. ఇంత గట్టిగ ఎందుకు ఒట్టేస్తున్ననంటే, పాలమూరు బస్టాండు దిక్కు నన్ను ఎరిగినోళ్ళు నేను వాన పడుతున్నదని చెప్తే ఉతికిన బట్టలు తీసుకపోయి బయట ఆరేసుకుంటరు. గప్పాలు కొట్టుడు నాకు అలవాటే, కాదనను. కానీ ఇది మా బావ ముచ్చట. చచ్చిపోయిన మనిషి మీద అబద్ధం ఆడేటంత ధైర్యం నాకు లేదు.

నాది రేడియం షాపు. బండ్ల నంబర్ ప్లేట్లకు అంకెలు, ఆటోల అద్దాలకు పిల్లల పేర్లు, ట్రాక్టర్ ట్రాలీల వెనుక పులి మొఖాలు కోసి అంటిస్త. గిరాకీ లేని పూట మోటర్ సైకిళ్ళ బొమ్మలు చేసుడు నా పిచ్చి. పిల్లలు ఆడుకునేటియి కావు. అసలు బండి పన్నెండు ఇంచులు ఉన్నకాడ నా బండి ఒక్క ఇంచు ఉంటది. చైను, బ్రేకు తీగ, సైలెన్సర్ మీది తుప్పు, అన్నీ అదే లెక్కల. నిగనిగలాడే కొత్త బండిని ఎవడైనా చేస్తడు. పదేండ్లు ఎండల వానల తిరిగిన బండిని చేసుడే అసలు పని. మురికి ఎటుపడితే అటు పూస్తే పాతది కాదు. ఆ బండి మీద ఏ మనిషి ఎట్ల కూసున్నడో, కాలు యాడ ఆనిచ్చిండో, ఆ తీరున అరగాలె.

మా బావ అంటే అక్క మొగడు. మర్రిగూడ దిక్కు ఊరు. పొద్దు పొడవకముందే చుట్టుపక్కల పల్లెలు తిరిగి, బండికి రెండు దిక్కుల పెద్ద పాలక్యాన్లు కట్టుకొని కేంద్రానికి పాలు మోసేటోడు. తెలంగాణ వచ్చినంక ఇంటింటికి నల్లా పడ్డది, తాగుడుకు మంచినీళ్ళు వచ్చినయి గాని బండి కడుగుడుకు ఎప్పటి బోరు నీళ్ళే. ఆ నీళ్ళు ఆరినకాడల్లా తెల్లగ సున్నం లెక్క మచ్చ పడతది. బావ బండి దూరం నుంచి చూస్తే బూడిద రాసుకున్న సన్యాసి లెక్క కనపడేది.

ఛాతిల నొప్పి అని ఒకనాడు ఆ బండి వాకిట్ల పెట్టి బస్సెక్కి నా దగ్గరికే వచ్చిండు. పాలమూరు దవాఖానల చేరి, తెల్లారేవరకు లేకుంట పోయిండు.

మా దిక్కు మనిషి పోయిన మూడోనాడు పిట్టకు పెడతరు. పోయినాయనకు ఇష్టమైనయన్ని వండి, సమాధి కాడ విస్తరేసి, వెనుకకు జరిగి, అటు మొఖం తిప్పుకొని నిలబడతరు. కాకి వచ్చి ముట్టిందంటే ఆయన వచ్చి తిన్నట్లు. ముట్టలేదంటే మనసుల ఇంకేదో పెట్టుకున్నట్లు. మూడోనాడు ముట్టలేదు. పదకొండోనాడు యాటకూర, తెల్లకల్లు, బీడీలు పెట్టినం. కాకులు లేవా అంటే తుమ్మచెట్టు నిండ ఉన్నయి. విస్తరి దిక్కు చూస్తున్నయి, దిగుతలేవు. పోయినాయన పానం కుదుటపడాలని ఒక్కొక్కరం ఒక్కో మాట ఇచ్చినం. అక్కను మంచిగ అర్సుకుంటమన్నం. చెల్క పొలం ఎన్నటికీ అమ్మమన్నం. ఒక్క కాకి దిగలేదు.

అప్పుడు మా పెద్దమ్మ, మా అమ్మకు అక్క, గొంతు తగ్గించి అన్నది:

"బండి లేకుంట ఎట్ల వస్తడురా? చెంబు పట్టుకొని చెల్కకు పోవాల్నన్నా బండి మీదనే పోయెటోడు."

నవ్వాల్సిన మాట. ఎవరం నవ్వలేదు. ఎందుకంటే బండి లేదు. మూడోనాడు పిట్టకు పెట్టి వచ్చినంక వాకిట్ల ఆ బండిని చూసి తట్టుకోలేక, దీన్ని నా కండ్ల ముందట నుంచి తీసుకపో తమ్మీ అని అక్కనే నాకు చెప్పింది. నేను తీసుకపోయి పాతసామాన్ల కాడ ఇచ్చిన. పదకొండోనాటికి అది ఇంజను ఒక దిక్కు, చక్రాలు ఒక దిక్కు అయింది. మళ్ళ పోయి అడిగితే మిగిలింది కూడ కోసి లారీకి ఎక్కించిండ్రని తెలిసింది.

ఆ పొద్దటి నుంచి అక్క బువ్వ మానుకున్నది. పిట్ట ముట్టేదాక ముట్టనన్నది. పొద్దుకొక గిలాస అంబలి, అంతే. నేను పోయినప్పుడల్లా మనిషి ఇంత తగ్గి కనపడేది. మోచేతుల ఎముకలు బయటికొచ్చినయి. గోడ పట్టుకొని లేస్తున్నది. ఆయన ఆకలితోని తిరుగుతుంటే నాకు ముద్ద ఎట్ల దిగుతదని అడిగేది. నాకు తెలిసిన విద్య ఒక్కటే కాబట్టి ముందు అదే చేసిన. మా మేడ మీద పిండం పెడితే కాకి వచ్చి తిన్నదని కండ్ల నీళ్ళు పెట్టుకొని చెప్పిన. అక్క నా దిక్కు చూసి, "నువ్వు చెప్తే కాకులు గూడ నమ్మవు తమ్మీ" అన్నది.

ఇగ మిగిలింది నా పిచ్చి పనే. యాడాది దినం నాటికి బావ బండి చేస్తనని పెద్దమ్మకు చెప్పిన. పన్నెండో వంతు బండిని ఆయన గుర్తుపడతడా అని అడిగింది. గుర్తుపట్టేటట్టు చేస్తనన్న.

చక్రాలు, ఇంజను ఒక పరదేశపు బండి బొమ్మ నుంచి తీసుకున్న. టాంకీ పుట్టీతోని చేసి గరుకు కాయితం పెట్టి రుద్దిన. హ్యాండిలుకు రాగితీగ, మడ్‌గార్డులకు కూల్‌డ్రింకు టిన్ను రేకు, సీటుకు పాత రెగ్జిన్ ముక్క. అదే టిన్ను రేకును గుండ్రంగ చుట్టి రెండు పాలక్యాన్లు చేసిన. మొత్తం జానెడు బండి. ఫోన్ల ఉన్న ఫోటోలు ముందట పెట్టుకొని చేసిన గాని, కుడి దిక్కు టాంకీ ఒక్క ఫోటోల గూడ కనపడదు. ఆ పక్క బావ ఎప్పుడూ తువ్వాల కప్పేటోడు. క్యాను రాసుకుంటదని కప్పుతడు కావచ్చనుకున్న.

తర్వాత పాతది చేసుడు మొదలుపెట్టిన. దానికి ఒక ఉపాయం ఉన్నది. ముందు తుప్పురంగు వెయ్యాలె. అది ఆరినంక నీళ్ళు తడిపి దొడ్డుప్పు చల్లాలె. దాని మీద అసలు రంగు కొట్టి, ఆరినంక ఉప్పును రుద్ది రాల్చాలె. ఉప్పు ఉన్నకాడల్లా రంగు లేచి కిందిది బయటపడతది. ఏండ్లు పట్టే పెచ్చు ఒక్క రాత్రిల వస్తది. నేను ఉప్పు చల్లింది టాంకీ పైభాగం మీద. మర్నాడు రుద్దితే పైన గింతంత లేచింది. కింద రెండు పక్కల, మోకాళ్ళు ఒత్తుకునే జాగల, కందిగింజ అంత చెరొక మచ్చ అరిగి ఉన్నది. ఎడమది పెద్దగ, కుడిది చిన్నగ. బావ ఎడమ దిక్కు ఒరిగి నడిపేటోడు.

ఉప్పు జారి ఉంటదని సర్దిచెప్పుకున్న.

అక్క వాళ్ళ బోరు నీళ్ళు సీసాల తెచ్చి టాంకీ మీద చుక్కలు చుక్కలుగ వేసిన, సున్నం మచ్చలు కట్టాలని. ఆ మర్నాడు షట్టర్ లేపంగనే పులిసిన పాల వాసన గుప్పున కొట్టింది. నేను డికాషన్ తాగేటోణ్ణి, షాపుల పాలుండవు. పక్కన పంక్చర్ షాపాయన ముక్కు ఎగబీల్చి, ఏందన్నా పాలు విరగ్గొట్టినవా అని అడిగిండు. అవునన్న. ఆయనకు అబద్ధం చెప్పిన గాని మీకు చెప్తలేను. వాసన బండి నుంచే వస్తున్నది. పాలక్యాన్ల మూతలు తీసి చూసిన. లోపల పొడిగనే ఉన్నయి.

ఆఖరుకు దుమ్ము. బావ తిరిగిన బాటల ఎర్రమన్ను తెచ్చి, గుడ్డల జల్లించి, కుంచెతోని చక్రాలకు, ఇంజను సందులకు అద్దిన. వాళ్ళ ఊరంతా ఎర్ర చెల్కనే. పొద్దుగూకే యాళ్ళకు షట్టర్ దించి పోయిన. తెల్లారి వచ్చి చూస్తే చక్రాల గాట్లల్ల నల్లమన్ను. తడిగ ఉన్నది. వేలికి అంటుకున్నది.

ఆ ఊర్ల నల్లమన్ను ఉన్నది ఒక్కటే జాగల, కుంట కింద. బావను మట్టిల పెట్టింది ఆడనే.

తుడుద్దామని గుడ్డ తీసుకున్న. తుడవడానికి చెయ్యి రాలేదు. ఆ పొద్దు వచ్చిన నంబర్ ప్లేట్ల మీద రెండు అంకెలు తప్పు అంటించి తిట్లు తిన్న.

అయితే టాంకీ చేసేటప్పుడే ఒక్క పని మాత్రం నా సొంతంగ చేసిన. కుడి పక్క టాంకీ ఎట్లుంటదో తెల్వదు కాబట్టి బోసిగ కనపడ్డది. గప్పాలోని చెయ్యి ఊకుంటదా. పుట్టీ మెత్తగ ఉన్నప్పుడే ఒక సొట్ట నొక్కిన, చెంబు అంచు తగిలినట్లు వంకరగ. మొత్తం నా కల్పన. ఉత్తగ అందం కోసం.

యాడాది దినానికి ఒకరోజు ముందు బండిని చెప్పుల డబ్బల పెట్టుకొని బస్సెక్కిన. అక్క అరుగు మీద కూసోని ఉన్నది. డబ్బ తెరిచి ముందట పెట్టిన.  అక్క వంగి, సున్నం మచ్చలు చూసి, ఇన్ని నీళ్ళు పోస్తే మచ్చలు గాక ఏమైతయి, గుడ్డతోని తుడువుమంటే వినడు అని ఆయన మీద కోపానికొచ్చింది. బండిని అటు తిప్పింది. కుడి దిక్కు సొట్ట కనపడంగనే దాన్ని వేలితోని తడిమింది.

"ఇది నీకెవరు చెప్పిండ్రు?"

ఎవరు చెప్పలేదు, నేనే పెట్టిన అన్న. అక్క నా మొఖం చూసింది. ఈమె నన్ను పుట్టినప్పటి నుంచి చూస్తున్నది, నేను ఎప్పుడు అబద్ధం ఆడుతున్ననో నాకంటే ముందు ఆమెకు తెలుస్తది.

"నేను కోపంల చెంబు ఇసిరికొట్టిన తమ్మీ. ఆయనకు తగల్లేదు, టాంకీకి తగిలింది. ఊర్ల ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పాల్సొస్తదని తువ్వాల కప్పుకొని తిరిగిండు. మా ఇద్దరికి తప్ప ఎవ్వరికి తెల్వదు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఏడుస్తదనుకున్న. నవ్వింది.   నేను కల్పించిన అబద్ధం నిజం కావుడు నా బతుకుల అదే మొదలు.

మర్నాడు పొద్దుగాల అక్క, పెద్దమ్మ, నేను, ముగ్గురమే కుంట కిందికి పోయినం. విస్తరేసి బువ్వ, కూర, కల్లు పెట్టినం. విస్తరి పక్కన, సమాధి దిక్కు మొఖం చేసి, బండిని స్టాండు వేసి నిలబెట్టిన. వెనుకకు జరిగి అటు తిరిగినం. గాలి లేదు. తుమ్మచెట్టు మీద ఆకు కదుల్తలేదు.

నేను దొంగచూపు చూసిన. ఒక్క కాకి దిగింది. ముందు బండి హ్యాండిల్ మీద కూసున్నది. మెడ తిప్పి మా దిక్కు చూసింది. అక్కడి నుంచి విస్తర్లకు దుంకి, కూర కలిసిన ముద్ద ముక్కున పట్టుకొని కుంట మీదుగ పోయింది. పెద్దమ్మ దండం పెట్టింది. ఇంటికొచ్చినంక అక్క కంచంల బువ్వ పెట్టుకున్నది.

ఊరందరికి ఇదే చెప్పిన. నేను చెప్పిన మాట ఊరంతా నమ్ముడు అదొక్కసారే జరిగింది. మీరు గూడ నమ్మిండ్రు కావచ్చు.

ఇగ ఒప్పుకుంటున్న. కాకిని నేను కల్పించిన. బొమ్మలు చేసేటోడెవడన్నా చదివితే ఇప్పటికే పట్టుకొని ఉంటడు. జానెడు బండికి రాగితీగ హ్యాండిలు, కాకి బరువుకు వంగకుంట ఉంటదా? ఆ పొద్దు ఏ కాకి రాలేదు. దొంగచూపు గూడ చూడలేదు. నా సంగతి ఎరిగిన పెద్దమ్మ, అటు తిరుగుతున్నప్పుడే నా రెండు చేతులు దొరకబట్టుకొని నిలబడ్డది, ఏ మాయ చేస్తనో అని. కాకికి ముందటిదంత ఎట్ల జరిగిందో అట్లనే రాసిన. కాకిని ఎందుకు పెట్టిననంటే, జరిగింది చెప్తే ఎవరు నమ్మరు.

మేం తిరిగి చూసేవరకు విస్తర్ల బువ్వ పెట్టింది పెట్టినట్లే ఉన్నది. బండి తిరిగి ఉన్నది. సమాధి దిక్కు పెట్టిన మొఖం ఇప్పుడు ఊరి బాట దిక్కు ఉన్నది. స్టాండు లేచి ఉన్నది, అయినా బండి పడిపోలేదు. దాని వెనుక తడి నల్లమన్నుల సన్నటి గీత ఒకటి, గుండ్రంగ మలుపు తిరిగి ఉన్నది.

పెద్దమ్మ నా చేతులు ఇంకా గట్టిగ పట్టుకున్నది. అక్క మాత్రం బెదరలేదు. పోయి బండి పక్కన కూసున్నది. దాన్ని తాకలేదు.

"పాల యాళ్ళయింది ఆయనకు. తినకుంటనే పోతున్నడు, ఎప్పటి లెక్కనే" అన్నది.

బావ బతికున్నప్పుడు పొద్దుగాల తినకుంట పోతే, ఆయన విడిచిన కంచంల ఆమె తినేదట. ఆ మాట తర్వాత చెప్పింది.  అప్పుడైతే విస్తరి తన దిక్కు గుంజుకొని, కూర కలిపి, ముద్ద నోట్ల పెట్టుకున్నది. పిట్టకు పెట్టింది మనుషులు తినొద్దని ఆపుదామని పెద్దమ్మ ఒక అడుగు వేసి, ఆగింది. యాడాది బువ్వ ఎరుగని మనిషి, మెల్లగ నముల్తున్నది. గొంతు పట్టుకుంటే కల్లు ముంత అందుకొని ఒక గుక్క తాగి, మళ్ళ ఇంకో ముద్ద కలిపింది.