ధవళేశ్వరంలో కనిపించిన చీర

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజుల్లో మేము రాజమండ్రిలో మిషను బడి వెనక చిన్న ఇంట్లో కాపురం ఉండేవాళ్ళం. మా ఆయన ఆ బడిలో ఇంగ్లీషు చెప్పేవారు. మా పుట్టింటివాళ్ళది పాలకొల్లు దగ్గర పల్లె. నాన్న అక్కడ క్రైస్తవ సంఘానికి బోధకుడు కావడం వల్ల నాకు తెలుగు చదవడం, రాయడం వచ్చు. ఇంగ్లీషు మాత్రం రాదు. అందుకని సాయంత్రాలు నేను బియ్యం చేట ముందేసుకుని కూర్చుంటే ఆయన ఇంగ్లీషు పుస్తకాల్లోని కథలు చెబుతుండేవారు.

అన్నిటిలోకీ ఆయనకు పిచ్చి పట్టించినది ఒక విషాద నాటకం. కాలేజీలో చదువుకున్నారట. ఒక సేనాపతి, నల్లటివాడు, పరాయి దేశంవాడు, తెల్లవాళ్ళ పిల్లను ఇష్టపడి పెళ్ళి చేసుకుంటాడు. వాడి చేతికింద పనిచేసేవాడొకడు తనకు పెద్ద ఉద్యోగం ఇవ్వలేదన్న కడుపుమంటతో, నీ పెళ్ళాం మంచిది కాదని చెవిలో ఊదుతాడు. సేనాపతి ఆమెకిచ్చిన చేతిరుమాలు ఇంకొకడి చేతిలో కనబడేలా చేస్తాడు. అంతే, ఈ మహానుభావుడు పెళ్ళాన్ని మంచం మీదే చంపేస్తాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "రుమాలు పోతే చంపేస్తారాండీ? మా నాన్న ఎన్ని రుమాళ్ళు పారేసుకున్నారో, మా అమ్మ ఒక్కనాడైనా గొంతు పట్టుకుందా? రుమాలేదే అని నిమ్మళంగా అడిగితే సరిపోయేది కదా!" అన్నాను.

"అడగడే. అదే ఆ నాటకం," అన్నారు ఆయన.

"అయితే రాసినాయనకి పెళ్ళి కాలేదేమో," అన్నాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వారు.

ఆ నాటకాన్ని పుస్తకంలో చదివితే విద్య, వేషం కడితే పాపం. మా మిషను దొరగారి పద్ధతి అది. అంతకుముందు ఒక మాస్టారు పొరుగూళ్ళో భాగోతం చూసొచ్చాడని తెలిసి ఆయన్ని బడి నుంచి తీసేశారు. ఆడడం కాదు, చూడడమే. ఇది ఊళ్ళో మా వాళ్ళందరికీ తెలుసు, మా ఆయనకూ బాగా తెలుసు.

ఆ ఏడు వానలు తగ్గాక ఆయన శనివారాలు ధవళేశ్వరం వెళ్ళడం మొదలుపెట్టారు. కాలవాఫీసు గుమాస్తాలు కొందరికి ఇంగ్లీషు చెబుతున్నానన్నారు. గట్టు వెంబడి నడిచి వెళ్ళి దీపాలవేళకు వచ్చేసేవారు. నేనేమీ అనుకోలేదు. పైగా ఇంట్లో కూనిరాగాలు తీస్తుంటే ముచ్చటపడ్డాను కూడాను.

మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడ ధవళేశ్వరంలోనూ అమ్ముకునేది. ఒకరోజు గంప దించి, నా వంక చూసి, చూపు తిప్పేసుకుంది.

"ఏంటి అలా చూస్తావు?" అన్నాను.

"ఏం లేదండి. మొన్న శనారం అయ్యగారు ఆనకట్ట కాడ ఓ ఇంటి అరుగు మీద ఉన్నారండి. పక్కనొకావిడ అటు తిరిగి కూకుందండి. మీరు పండక్కి కట్టుకునే పెళ్ళి చీర లాంటి చీరేనండి, ఆ ఎర్రంచుది. అయ్యగారు ఆవిడ బుజం మీద చెయ్యేసి ఏదో చెబుతున్నారండి."

"ఎర్రంచు చీరలు ఊరినిండా ఉంటాయి," అని కసిరి, చేపలు తీసుకోకుండానే పంపేశాను. తలుపు వేసి పెట్టె తీశాను. పెద్దాపురం పట్టుచీర, మా నాన్న స్వయంగా నేతగాళ్ళ ఇంటికి వెళ్ళి తెచ్చింది, పెట్టెలో లేదు.

నాటకంలో ఆ సేనాపతిని చెడగొట్టడానికి ఒక దుర్మార్గుడు కావలసి వచ్చాడు. నాకు ఎవరూ అక్కర్లేకపోయారు. పాపం చేపలావిడ చూసిందే చెప్పింది, మిగతాదంతా నేనే అల్లుకున్నాను. ఆయన గడ్డం గీసుకుంటే దానికోసమే. పాటపాడితే దాన్ని తలుచుకునే. ఒట్టి చేతులతో వస్తే తేవలసినవన్నీ అక్కడ ఇచ్చేసి వచ్చాడు. అరటిపళ్ళు తెస్తే తప్పు కప్పుకోవడానికి తెచ్చాడు. ఆయన ఉత్తరీయం దండెం మీద వేస్తూ వాసన చూశాను. చెమట వాసన తప్ప ఏమీ లేదు. తెలివిగా ఉతికించి తెచ్చుకుంటున్నాడనుకున్నాను! ఉతికితే చెమట వాసన ఎలా ఉంటుందన్న ఇంగితం కూడా లేకుండా పోయింది.

చీర ఏదండీ అన్న మాట ఎన్నిసార్లు నాలుక చివరిదాకా వచ్చిందో. అడిగితే అవునంటారేమోనని భయం. అడగనంతసేపూ నా మొగుడు నా మొగుడే కదా. ఆ నల్ల సేనాపతి మీద నాకు మొదటిసారి జాలి వేసింది.

"ఒంట్లో బాగాలేదా?" అని ఆయన అడిగేవారు. "బాగానే ఉంది," అని విసురుగా కంచం పెట్టేదాన్ని.

మా సంఘంలో ప్రభువు బల్ల, అంటే ఆయన పేరున రొట్టె, ద్రాక్షరసం, తీసుకునే ఆదివారానికి ముందు పెద్దల కూటం ఉండేది. ఎవరికైనా ఎవరి మీదైనా మనసులో ఏదైనా ఉంటే అందరి ఎదుటా చెప్పి తేల్చుకోవాలి. అది పెట్టుకుని బల్ల దగ్గరకు రాకూడదు. మామూలుగా కోడి పక్కింటి దొడ్లో గుడ్డు పెట్టిందనో, గట్టు జరిపారనో తగువులు వచ్చేవి. దొరగారు కుర్చీలో, సంఘ పెద్దలు బెంచీ మీద, మేము ఆడవాళ్ళం ఓ వైపు చాపల మీద కూర్చునేవాళ్ళం. ఆవేళ ఆ పెద్దల్లోకెల్లా పెద్దాయన అలవాటుగా, "ఎవరి మనసులోనైనా ఏమైనా ఉందాండీ?" అన్నారు. నేను లేచి నిలబడ్డాను. నిలబడతానని నాకే తెలియదు.

"నా పెళ్ళి చీర ధవళేశ్వరంలో ఎవరికిచ్చారో మా ఆయన్ని అడగండి," అన్నాను. తర్వాత ఏడుపు ఆగలేదు. చేపలావిడ చూసిందంతా ఏడుస్తూనే చెప్పాను.

మా ఆయన మొహం పాలిపోయింది. ఇంకేముంది, నిజమే అనుకున్నాను.

పెద్దాయన మంచివాడు. మా ఆయన పక్కకు వచ్చి కూర్చుని మెల్లగా, కానీ అందరికీ వినబడేలాగానే అన్నాడు. "మాస్టారూ, మనిషన్నాక కాలు జారుద్దండి. ఒప్పేసుకోండి. కొన్నాళ్ళు బల్లకి దూరంగా ఉంచుతారు, అంతేనండి. పశ్చాత్తాపపడితే మళ్ళీ చేర్చుకుంటారు. ఇదివరకు ఒకాయన్ని అలాగే చేర్చుకున్నారు కదండీ. ఉద్యోగానికేం భయం లేదు."

దొరగారు తల ఊపారు. "నీవు సత్యము చెప్పుము," అన్నారు తన పుస్తకాల తెలుగులో.

మా ఆయన లేచి నిలబడ్డారు. నా వైపు చూశారు. చాలాసేపు చూశారు. పెద్దాయన చెప్పిన మాటే పట్టుకుని ఊరుకుంటారనుకున్నాను.

"ఆడమనిషి ఎవరూ లేరండి," అన్నారు. "ధవళేశ్వరంలో నాటకం వేస్తున్నామండి. నేనూ వేషం కడుతున్నాను. ఇంగ్లీషు పాఠాలని మా ఆవిడకి అబద్ధం చెప్పాను. వేషానికి ఎవరింట్లోనూ చీర ఇవ్వకపోతే ఆవిడది చెప్పకుండా తీసుకెళ్ళాను. కట్టుకున్నది కాలవాఫీసు గుమాస్తా అండి. ఆయనకి మీసాలు కూడా ఉన్నాయండి."

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు చాపలన్నిటికీ పాకింది. దొరగారు నవ్వలేదు. బైబిలు మూసి, "సోమవారము నుండి నీవు పాఠశాలకు రానక్కరలేదు," అన్నారు. పెద్దాయన ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపేశారు.

ముందు నాకు కలిగింది సంతోషమే. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఒళ్ళంతా తేలికైపోయింది. ఉద్యోగం పోయిందన్నది బయటికి వచ్చి, బడి గోడ కనబడ్డాకగానీ నాకు ఎక్కలేదు. ఇల్లు కూడా బడివాళ్ళదే. నేను నడిచేదాన్నల్లా నిలబడిపోయాను. ఆయన కొంచెం దూరం వెళ్ళి, నేను రావడం లేదని చూసి వెనక్కి వచ్చారు.

"పెద్దాయన అంత చక్కగా దారి చూపించారు కదండీ," అన్నాను ఏడుస్తూ. "ఎవరో ఆడది ఉందని అనేస్తే ఉద్యోగం నిలిచేది. నాతో తర్వాత ఇంటికొచ్చి నిజం చెప్పుకునేవారు. ఎందుకు అనలేదు?"

"అందామనే అనుకున్నాను," అన్నారు ఆయన. "నీ మొహం చూశాను. అంటే నువ్వు నమ్మేసేదానివి. ఇంటికొచ్చి ఎంత చెప్పినా ఇంక నమ్మేదానివి కాదు."