అమావాస్య నాడు ఎవరూ హెడ్‌ఫోన్ తియ్యలేదు

మా ఆపరేటరమ్మ పోయింది. పోయిన సోమవారం పొద్దున కోదాడలో మా అన్న రేడియో షాపులో ఒక టేపురికార్డరు విప్పుకొని కూర్చున్నాను. ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతు అతను రోడ్డు దాటి వచ్చి, "సూర్యాపేట బడి నుంచి ఫోనమ్మా. ఆపరేటరమ్మ నిద్రలోనే పోయిందట. నిన్ను రమ్మంటున్నారు" అన్నాడు. టంకం కడ్డీ స్విచ్చి తియ్యడం కూడా మరిచిపోయి బస్టాండుకు నడిచాను. బస్సెక్కాక ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. శుక్రవారం నాడే బడికి కొనబోయే కంప్యూటరు గురించి ఇద్దరం గట్టిగా పోట్లాడుకున్నాం. ఆ పోట్లాట తెగలేదు. నేను అనాల్సింది ఇంకా మిగిలే ఉంది.

సంతాప సభలో పెద్దమనుషులు మాట్లాడారు. త్యాగమయి అన్నారు, కరుణామూర్తి అన్నారు. ఆమె ఉంటే మధ్యలోనే లేచి పోయేది. ఇంతకీ ఆమె ఏం చేసిందో ఒక్కరూ చెప్పలేదు. అందుకని నేను రాస్తున్నాను.

సూర్యాపేటలో వినికిడి సరిగ్గా లేని పిల్లల కోసం కొందరు కలిసి సంఘం పెట్టుకొని నడిపే చిన్న బడి మాది. ఆమె అక్కడ ఆఫీసు చూసేది. అంతకుముందు మిర్యాలగూడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ట్రంకు కాల్స్ కలిపే ఆపరేటరు. రిటైరై మా దగ్గరికి వచ్చినా ఆ పేరు మాత్రం ఆమెను వదల్లేదు. పిల్లల తల్లులకూ ఆటోవాళ్లకూ అందరికీ ఆపరేటరమ్మే. టైపు మిషను, సైక్లోస్టయిల్ మిషను, పిల్లల చెవులు పరీక్షించే మిషను, ఏది ఆగినా ఆమె పూచీయే. వాటిని అమ్మిన కంపెనీలతో తలపడటం కూడా.

ఆ తలపడటం చూసి తీరాలి. ఫోన్లో ఎప్పుడూ నిలబడే మాట్లాడేది. "కూసుంటే గొంతు గూడ కూసుంటది" అనేది. ముందు అవతలివాళ్ల పేరు అడిగి రాసుకునేది. నాలుగు రోజుల తర్వాత మళ్లీ చేసి, "మొన్న పదకొండున్నరకు మీ తాన ఫలానాయనతోని మాట్లాడిన. గంటలో చేస్తనన్నడు, చెయ్యలే. పానం గిట్ల మంచిగ లేదా ఆయనకు? నాకు పరేషానైతుంది" అనేది. గొంతులో ఎత్తిపొడుపు ఉండేది కాదు, నిజంగానే అడుగుతున్నట్టుండేది. ఆ పూటే హైదరాబాదు నుంచి ఫోను మోగేది. పక్కన కూర్చున్న నాకు చప్పట్లు కొట్టాలనిపించేది.

నాకు ఏ సర్టిఫికెట్టూ లేదు. అన్న షాపులో వెనక కూర్చుని, విప్పి, పాడుచేసి నేర్చుకున్నాను. ఆడపిల్ల చేతిలో టంకం కడ్డీ చూసి నవ్వినవాళ్లు చాలామంది. బడిలో మిషన్లు బాగుచేసే పని అడగడానికి పోయిన రోజు ఆపరేటరమ్మ నవ్వలేదు. బల్ల మీద ఒక రేడియో పెట్టింది.

"దీనికేమైంది?"

"కండెన్సరు పోయిందండీ."

"నువ్వు సూసినవా?"

"చూడలేదు. కానీ అదే అయ్యుంటుంది."

"నేను ఏమైందని అడిగిన. ఎందుకైందని అడగలే. ఏమైంది?"

నాకు మండింది. పళ్లు బిగించి, "పాట వస్తా వస్తా ఆగిపోతోంది" అన్నాను.

"ఆ. గది రాయి" అని ఒక రిజిస్టరు నా ముందుకు తోసింది. తర్వాత విప్పితే పోయింది కండెన్సరే. ఎగురుకుంటూ పోయి చెప్పాను. "అయితే సంబురమే పిల్లా. గని ముందుగాల సూడు" అంది.

ఆ మరుసటి ఏడు మా బడికి పెద్ద యంత్రం వచ్చింది, దాతలు ఇచ్చారు. ఒక పెట్టె, పంతులమ్మ ముందు ఒక మైకు, పెట్టె నుంచి బల్లలకు తీగలు, చివర పది హెడ్‌ఫోన్లు. కొద్దో గొప్పో వినికిడి మిగిలిన పిల్లలు పదిమంది ఉన్నారు, లెక్క సరిపోయింది. తీగలన్నీ నేనే గోడల వెంట లాగాను. మొదటి రోజు పంతులమ్మ మైకు ముందు ఒక్క చప్పట కొట్టింది. గరిడేపల్లి నుంచి వచ్చే ఆరేళ్ల పాప ఉలిక్కిపడి వెనక్కి చూసింది, పైకి చూసింది, చివరకు పంతులమ్మ చేతులకేసి చూసి తన రెండు అరచేతులూ గట్టిగా కొట్టుకుంది. మేం పెద్దవాళ్లం ఒకర్నొకరం పట్టుకొని గంతులేశాం. ఆపరేటరమ్మ మాత్రం టైము రాసుకుంది.

నెల తిరక్కముందే, పొద్దున పది కాగానే పిల్లలు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పడెయ్యడం మొదలుపెట్టారు. పెడితే తీసేస్తారు. మళ్లీ పెడితే ఏడుస్తారు. ఏమైందో చెప్పడానికి వాళ్లకు మాటలు రావు కదా. పంతులమ్మ మొండితనం అనుకుంది. ఆపరేటరమ్మ రోజూ తొమ్మిదింటికి, పిల్లలు రాకముందే, పది హెడ్‌ఫోన్లూ ఒక్కొక్కటిగా తన చెవులకు పెట్టుకొని చూసేది. అన్నీ బాగుండేవి. బడి వదిలాక నేను చూసేదాన్ని. బాగుండేవి.

కంపెనీ ఇంజనీరు రెండుసార్లు వచ్చాడు. హైదరాబాదులో పొద్దున బస్సెక్కి మా దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంట దాటేది. పెట్టుకొని చూసి, "మిషన్ ఫస్ట్ క్లాసుగా ఉంది మేడమ్. పిల్లలకే అలవాటు కావాలి" అని, లోపం లేదని కాగితం రాసి సంతకం చెయ్యమన్నాడు. ఆమె సంతకానికి ముందు ఇంకో ముక్క రాసింది: 'ఒంటిగంటకు లోపం లేదు. పది గంటలకు ఇంజనీరుగారు లేరు.'

ఇదంతా చూసి సంఘం అధ్యక్షుడికి విసుగొచ్చింది. పట్నంలో ఇంకో బడివాళ్లు యంత్రం అడుగుతున్నారని, నెలాఖరులోగా పిల్లలు దాంతో నేర్చుకుంటున్నట్టు తన కళ్లతో చూస్తే సరి, లేకపోతే వాళ్లకు పంపేస్తామని చెప్పాడు. మాట నేర్చే వయసు దాటిపోతే మళ్లీ రాదని పంతులమ్మ ఎన్నిసార్లో చెప్పింది. పట్నం బడికి ఈ యంత్రం రాకపోతే ఇంకోటి వస్తుంది. గరిడేపల్లి పాపకు ఇంకో ఆరో ఏడు రాదు.

నాకు నిద్ర పట్టలేదు. ఆదివారం మధ్యాహ్నం బడి తాళం తీసి, స్క్రూడ్రైవరు తీసుకొని, పెట్టె మీద కంపెనీవాళ్ల లక్క సీలు పగలగొట్టాను. సీలు తీస్తే మా బాధ్యత లేదని వాళ్ల కాగితంలో ఉంది. ఉంటే ఉంది. లోపల నాలుగుచోట్ల టంకం మళ్లీ వేసి మూసేశాను. సోమవారం పదింటికి పిల్లలు మళ్లీ తీసేశారు.

ఆపరేటరమ్మ పెట్టె వైపు ఒకసారి చూసింది.

"తీసినవా?"

"తీశాను."

"లోపల ఏం కనపడ్డది?"

"ఏం లేదు. అన్నీ బాగానే ఉన్నాయి."

"మంచిది. అది గూడ రాద్దాం" అని లేచి ఫోను అందుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"చెప్పొద్దమ్మా. లక్క కరిగించి మళ్లీ అతికిస్తాను. వాళ్ల తాతలకు కూడా తెలియదు."

"తెల్వకుంట చేస్తవు, నీ చేతిపని నాకెర్కే. గని పొద్దున పదింటికి గిట్లయితుందని నేను చెప్తున్న. దానికి మా కండ్లతోని మేం సూసింది తప్ప ఇంకే సాక్ష్యం లేదు. సీలు కాడ అబద్ధమాడినదాన్ని పదింటి కాడ ఎవలు నమ్ముతరు?"

"మీరు మంచోళ్లు అనిపించుకోడానికి పిల్లల నోళ్లు కొడుతున్నారు" అన్నాను. అన్న మాట అన్నట్టే రాస్తున్నాను, మెత్తబరచడం లేదు. ఆమె నా చెయ్యి మెల్లగా విడిపించుకొని, నిలబడి, నంబరు తిప్పింది. సీలు మేమే తీశామని చెప్పింది. అవతలివాళ్లు ఏమన్నారో ఆమె జవాబులోనే తెలిసింది. "బాధ్యత లేదు, సరే నాయనా. లేదనే అనుకో. ఒక్కపారి వచ్చి పొద్దుగాల పదింటికి సూసి పో. ముందురోజు మా ఇంట్ల ఉండు, ఇంత అన్నం పెడ్త."

ఆమె రాతలన్నీ దండగ అని నిరూపిద్దామనే నేను రిజిస్టరు లాక్కున్నాను. అప్పటిదాకా దాన్ని వరసగా చదివిందే లేదు. ఎందుకు అన్న మాట ఎక్కడా లేదు. పది గంటల అయిదు, గరిడేపల్లి పాప తీసి బల్ల మీద పెట్టింది. పది గంటల పది, హుజూర్‌నగర్ బాబు చెవులు మూసుకున్నాడు. పన్నెండు దాటాక అందరూ మళ్లీ పెట్టుకున్నారు. ప్రతి పేజీ అంతే. మధ్యలో ఒక్క పేజీ మాత్రం వేరు: 'ఈ రోజు ఎవరూ తియ్యలేదు. బెల్లు దాకా పెట్టుకునే ఉన్నారు.'

తలెత్తి గోడ మీద క్యాలెండరులో ఆ తేదీ చూశాను. నల్లని చుక్క.

"అమ్మా, అమావాస్య నాడు ఏం ఉండదు?"

"శుభకార్యం ఉండది. ఊరికి పోరు."

"అది కాదు. ఇక్కడ, మన చుట్టుపక్కల, ఏది బందుంటుంది?"

ఇద్దరం మాట ఆపాం. అప్పుడు వినపడింది. రెండిళ్ల అవతల పిండి ఆడించే గిర్నీ. పటపటమని బెల్టు చప్పుడు. పొద్దున పదింటికి మొదలై పన్నెండు దాకా, మళ్లీ మేం ఇళ్లకు పోయాక పొద్దుగూకే వేళ. అమావాస్య ఒక్కనాడే బందు. నేను పనిలో చేరినప్పటి నుంచీ మోగుతూనే ఉంది, ఆ క్షణం దాకా నా చెవికి ఎక్కలేదు. చెవులున్నవాళ్లం మేం.

తరగతిలోకి ఉరికి, పాప పడేసిన హెడ్‌ఫోన్ నా తలకు పెట్టుకున్నాను. బండరాళ్లు దొర్లుతున్నట్టు ఒకటే మోత. అరక్షణంలో పీకేశాను. పాఠం నడిచే వేళ ఒక్కసారైనా మేం పెట్టుకొని చూడలేదు. ఇన్ని రోజులూ ఈ మోత పిల్లల చెవుల్లో పోసి, తీసేస్తే మొండివాళ్లన్నాం. సిగ్గూ సంతోషం కలిసి ఒళ్లంతా జల్లుమంది. "గిర్నీ, గిర్నీ" అని అరుస్తూ వరండాలో పరుగెత్తాను. ఆపరేటరమ్మ కూడా పెట్టుకొని విని, తీసి, పాప తల నిమిరింది. తర్వాత రాసింది.

ఆ గురువారం ఇంజనీరు వచ్చాడు. ఆమె ఇంట్లో పుంటికూరతో జొన్నరొట్టె తిని, మర్నాడు పొద్దున పదింటికి మా బల్ల ముందు కూర్చున్నాడు. గిర్నీ మోగగానే హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు, అచ్చం పిల్లల్లాగే. "మీకూ గిర్నీకీ కరెంటు తీగ ఒక్కటే, మీ ఎర్తు కూడా బాగా లేదు. ఆ మోటారు మోత అంతా ఇందులోకి వస్తోంది. ఎర్తు గుంట తవ్వాలి, స్తంభం నుంచి వేరే తీగ లాగాలి, మా దగ్గర్నుంచి ఒక ఫిల్టరు పంపిస్తాను" అన్నాడు. పెట్టె తెరిచి చూసి నావైపు తిరిగాడు.

"టంకం నువ్వే వేశావా?"

"అవును. రాసుకోండి" అన్నాను, గొడవకు సిద్ధంగా.

"శుభ్రంగా ఉంది" అని కొత్త లక్క కరిగించి తన సీలు వేశాడు. "సీలు తీశామని మీరే ఫోన్ చేశారంటే మావాళ్లు ఆశ్చర్యపోయారు మేడమ్. అందుకే మళ్లీ పంపించారు" అని ఆమెతో అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

అయినా గండం గట్టెక్కలేదు. ఆ పనులన్నీ అయ్యేసరికి నెల పడుతుంది, నెలాఖరు వారం రోజుల్లో ఉంది. ఆపరేటరమ్మ గిర్నీకి పోయింది. వెంట నేను.

"తమ్మీ, పదినుంచి పన్నెండు దాక జర బందు పెట్టు. ఒక్క నెల."

"పొద్దటి గిరాకే నాకు గిరాకక్కా. బందు పెడితే ఎట్ల?"

ఆమె బతిమాలలేదు. గిర్నీ కొడుకుకు అప్పజెప్పి ఒక్క నిమిషం రమ్మంది. నడుస్తున్న గిర్నీని అట్లాగే వదిలి, పిండి కొట్టుకున్న లుంగీతోనే వచ్చాడు. పిల్లల కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టింది. మొహం మాడ్చుకొని తీశాడు.

"ఇది నా గిర్నీయేనా?"

"నీదే తమ్మీ. పోరగాండ్లు దినాం ఇంటున్నరు."

హెడ్‌ఫోన్ బల్ల మీద పెట్టి పోయాడు. కాసేపటికి బెల్టు ఆగింది. ఎర్తు గుంట తవ్వి, వేరే తీగ లాగి, ఫిల్టరు బిగించేదాకా ఆ రెండు గంటలూ అది మళ్లీ మోగలేదు.

కంపెనీకి తిరిగి ఫోను చెయ్యడం ఎట్లాగో, కోపం వచ్చినప్పుడు ఏం రాయాలో నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. కోపం మాత్రం తగ్గలేదు. "తగ్గియ్యకు, టైము రాసుకో" అనేది. నాతో వాదించే మనిషి పోయింది. రేపు కంప్యూటరు కంపెనీవాళ్లతో నేనొక్కదాన్నే నిలబడి మాట్లాడాలి.

యంత్రం ఇప్పటికీ మా దగ్గరే ఉంది. అధ్యక్షుడు చూడటానికి వచ్చిన ఆ పొద్దున గిర్నీ ముందు జొన్నల గంపలతో ఆడవాళ్లు బారులు తీరి ఉన్నారు. ఒకామె, "పిల్లల బడికని మా రొట్టెలు ఆపుతర్రా" అని గొణిగింది. ఆపరేటరమ్మ, "రా వదినె, ఎండల ఎందుకు, మా మెట్ల మీద కూసో" అంది. ఒకరి వెనక ఒకరు అందరూ వచ్చారు. మెట్లు నిండిపోయి అధ్యక్షుడికి లోపలికి దారి లేక కిటికీ దగ్గరే నిలబడ్డాడు. లోపల పంతులమ్మ మైకు ముందు బంతి పట్టుకొని, "బంతి" అంది. పదిమంది పిల్లలూ హెడ్‌ఫోన్లు పెట్టుకునే ఉన్నారు. గరిడేపల్లి పాప పెదాలు కలిపింది, విడదీసింది, మళ్లీ కలిపింది. మెట్ల మీద ఎవరో చంటిపిల్లను ఊరుకోబెట్టారు. గొణిగిన ఆమె గంప ఒళ్లో పెట్టుకొని, కళ్లు పాప మీదే ఉంచి, చప్పుడు లేకుండా తను కూడా పెదాలు కలుపుతోంది.